గళ్లలో లెక్క

హైదరాబాద్‌లోని మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలిల్లో సంతాన సాఫల్య కేంద్రాలకు కొదవ లేదు. బోర్డుల మీద డాక్టర్ల పేర్లుంటాయి. లోపల వీర్యపరీక్ష చేసే ల్యాబ్ టెక్నీషియన్ పేరు మాత్రం ఎక్కడా కనిపించదు. నా మెప్పు ఆమెకే.

నమూనాను 37 డిగ్రీల వెచ్చదనంలో అరగంట ఉంచి, పలచబడ్డాక పిప్పెట్‌తో ఒక్క చుక్క గళ్లున్న కౌంటింగ్ చాంబర్‌లో వేస్తుంది. గీత మీద పడ్డ కణాన్ని ఏ గడిలో కలపాలో కూడా నియమం ఉంది. ఒకే కణం రెండుసార్లు లెక్కలోకి రాకూడదు. కనీసం 200 లెక్కపెట్టి, రెండో చుక్కలో మళ్లీ ఇంకో 200. రెండూ పొసగకపోతే పని మొదటికొస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన దిగువ హద్దు మిల్లీలీటరుకు 1.6 కోట్లు.

అంకె బాగా పడిపోతే హార్మోన్ల రక్తపరీక్ష రాస్తారు. పిట్యూటరీ గ్రంథి పంపే ఎల్‌హెచ్ అనే హార్మోన్ వృషణాల్లో టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ వీర్యకణాలను సాకే సెర్టోలి కణాలకు పని పురమాయిస్తుంది. కండల కోసం టెస్టోస్టిరాన్ సూదులు ఎక్కించుకుంటే పిట్యూటరీ ఆ రెంటినీ తగ్గించేస్తుంది. కండలు పెరుగుతాయి, గళ్లు ఖాళీ అవుతాయి! జిమ్ముల్లో ఈ సంగతి ఎంతమంది చెబుతారో మరి. ఒక్కో వీర్యకణం తయారవడానికే రెండు నెలలకు పైగా పడుతుంది, కాబట్టి సూదులు మానేసినా అంకె వెంటనే లేవదు.

పిల్లలు కావాలనుకునేవారు ఆ సూది జోలికి వెళ్లేముందు డాక్టరును అడగండి. నమూనా ఇచ్చేటప్పుడు, అంతకుముందు వీర్యస్ఖలనం జరిగి ఎన్ని రోజులైందో సిగ్గుపడకుండా నిజం చెప్పండి.