పియానో మాస్టారు బారీ హారిస్

కచేరీలు దొరకనివాళ్లే పాఠాలు చెప్పుకుంటారని సంగీతం వాళ్లలో ఓ చిన్నచూపు ఉంది. పైకి అనరు గానీ, "పాపం, ట్యూషన్లు చెప్పుకుంటున్నాడట" అనడంలోనే ఉంటుంది అదంతా. అమెరికన్ జాజ్ పియానో విద్వాంసుడు బారీ హారిస్‌ని తలుచుకుంటే నాకు ఆ 'పాపం' అన్న మాట మీద ఒళ్లు మండుతుంది.

ఆయన 1929లో డెట్రాయిట్‌లో పుట్టాడు. తల్లి చర్చిలో పియానో వాయించేది. నాలుగేళ్ల కొడుక్కి ఆవిడే మెట్లు చూపించింది. కాస్త పెద్దయ్యాక, చర్చి సంగీతమా, జాజా, ఏది కావాలో తేల్చుకోమంది. వీడు జాజ్ అన్నాడు. ఆవిడ సరేనంది! చర్చికి అంకితమైన తల్లి ఆ మాట అనడం సామాన్యమా?

ఇరవై ఏళ్లు దాటీ దాటకముందే ఆయన ఇల్లు ఊళ్లో కుర్రాళ్లకు బడి అయిపోయింది. తర్వాత పేరుమోసిన పాల్ ఛేంబర్స్, జో హెండర్సన్ అక్కడికి వచ్చినవాళ్లే. ఛార్లెస్ మెక్‌ఫెర్సన్ అనే కుర్రాడు ఓ రోజు స్కూలు నుంచి ప్రోగ్రెస్ కార్డుతో వచ్చాడు. అన్నింటా నడిమి మార్కులే. మాస్టారు అది చూసి, నువ్వు ఆరాధించే వాళ్లెవరూ నడిమిరకం వాళ్లు కారోయ్ అన్నాడట. ఆ మాటతో కుర్రాడు పుస్తకాలు పట్టాడు. ఈ సంగతి పెద్దయ్యాక మెక్‌ఫెర్సనే చెప్పుకున్నాడు. శాక్సొఫోన్ నేర్పే మాస్టారికి లెక్కల మార్కులతో ఏం పని? పనుందని ఆయన అనుకున్నాడు.

1960లో కానన్‌బాల్ యాడర్లీ బృందంతో న్యూయార్క్ చేరాడు. ఆ ఏడే వచ్చిన 'ఎట్ ది జాజ్ వర్క్‌షాప్' రికార్డు వినండి. వేళ్లు ఎంత వేగంగా పోతున్నా ఒక్క స్వరమూ తొక్కుకోదు. 1963 చివర్లో లీ మోర్గాన్ 'ది సైడ్‌వైండర్' రికార్డు చేసినప్పుడు పియానో ఈయనదే. అది విపరీతంగా అమ్ముడుపోయింది. అదే బాణీ పట్టుకుని డబ్బు చేసుకోవచ్చు. ఈయన చార్లీ పార్కర్, బడ్ పవెల్‌ల బీబాప్ దగ్గరే నిలబడ్డాడు. 1982లో న్యూయార్క్‌లో 'జాజ్ కల్చరల్ థియేటర్' పెట్టాడు. కచేరీలూ, క్లాసులూ అక్కడే. 1987లో అది మూతపడింది. క్లాసులు మాత్రం ఆగలేదు. వారం వారం, చిన్న ఫీజుకి, ఎవరొస్తే వాళ్లకి! పేరున్న విద్వాంసుడి పక్కన, నిన్నగాక మొన్న మొదలుపెట్టిన మనిషి కూర్చునేవాడు. పాడేవాళ్లకి విడిగా పాఠం ఉండేది.

ఏం చెప్పేవాడంటారా? ఆయన శాస్త్రం ఓ సంసారం కథలా ఉంటుంది. పన్నెండు స్వరాలూ కలిసి దేవుడు. వాటిని ఒకటి విడిచి ఒకటి ఏరితే ఆరేసి స్వరాల రెండు వరుసలొస్తాయి. అవి ఆడా, మగా. వాళ్లకు ముగ్గురు పిల్లలు, నాలుగేసి స్వరాల డిమినిష్డ్ తీగలు. లెక్క వేసి చూడండి, ప్రతి పిల్లకీ సరిగ్గా రెండు స్వరాలు తల్లివి, రెండు తండ్రివి! ఆ పిల్లల్లో ఒక స్వరాన్ని అరమెట్టు దించితే చాలు, ఇంకో తీగ పుడుతుంది. ఇలా చెబితే ఎవరు మర్చిపోతారు? తీగల్ని విడివిడి ముద్దలుగా బట్టీ పట్టించే స్కూళ్ల పద్ధతి ఆయనకు గిట్టేది కాదు. తీగ అంటే నిలబడేది కాదు, కదిలేదని ఆయన పట్టు. ఆరో స్వరం కలిపిన తీగనీ, డిమినిష్డ్ తీగనీ ఎనిమిది స్వరాల ఒకే మెట్లవరుసగా పేర్చి, ఒకదాని వెంట ఒకటి నడిపించేవాడు. మనోధర్మం గాల్లోంచి ఊడిపడదు, వేళ్ల కింద దారులుంటేనే వస్తుందని దాని అర్థం.

ఆయన్ని ఊరికే మెచ్చుకుంటూ పోవడం నాకిష్టం లేదు. బీబాప్ తర్వాత వచ్చినదాన్ని ఆయన చాలావరకు లెక్కచేయలేదు. అది మొండితనమే. కాలంతో మారిన సంగీతాన్ని ప్రేమించే విద్యార్థికి ఆ గది కొంచెం ఉక్కపోసి ఉండాలి. తోచినట్టు వాయించే కుర్రాణ్ణి అందరి ముందూ కడిగేసేవాడు కూడానూ. కానీ ఆ మొండితనం లేకపోతే అంత వివరంగా ఆ విద్యను నిలబెట్టేవాడా అన్నది నా సందేహం. అన్నిటినీ సమంగా మెచ్చుకునే మాస్టార్లను చూశాం. వాళ్ల దగ్గర్నుంచి శిష్యులు తెచ్చుకున్నది మెప్పులే.

ఆయన పద్ధతిని శిష్యులే పుస్తకాలకెక్కించారు. ఆయన ఎక్కువగా నోటితో పాడి చెప్పేవాడు. వాయించి చూపించకుండా, పాడిన ముక్కను విని వేళ్లతో పట్టుకోమనేవాడు. పైగా తను ఇంకా నేర్చుకుంటూనే ఉన్నాననేవాడు.

కోవిడ్ వచ్చి తలుపులు మూసుకున్నాక కంప్యూటరు తెర మీద క్లాసులు పెట్టాడు. అప్పటికి తొంభై దాటాయి. ఆ కోవిడే ఆయన్ని 2021 డిసెంబరు 8న తీసుకుపోయింది, తొంభై రెండో పుట్టినరోజుకు వారం ముందు.