పల్నాటి వీరచరిత్రలో బాలచంద్రుని యుద్ధప్రస్థానం: కుటుంబదృష్టితో ఒక పరిశీలన

పల్నాటి యుద్ధాన్ని సాధారణంగా దాయాదుల పోరుగా, నాగమ్మ, బ్రహ్మనాయుళ్ల రాజనీతి సంఘర్షణగా, శైవవైష్ణవ వైరంగా పరిశీలిస్తుంటారు. ఈ మూడు మార్గాలూ యుద్ధకారణాన్ని అన్వేషించేవే. యుద్ధంలో నేలకొరిగినవాని ఇంట ఏమి జరిగిందన్న ప్రశ్న వీటి పరిధిలోకి రాదు. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన మంజరీద్విపద కృతి ‘పల్నాటి వీరచరిత్ర’లో బాలచంద్రుని కథ ఆ ప్రశ్న చుట్టూనే నడుస్తుంది. 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన ఈ కృతిలో వీరుడు రణరంగానికి చేరకముందే అతని మరణదుఃఖం ఇంటివారి మాటల్లో వ్యక్తమవుతుంది. మాంచాల వీరపత్నీత్వానికి లభించిన ప్రశస్తి వెనుక ఐతాంబ నిరాకరణ మరుగునపడిందని చూపడం ఈ వ్యాసోద్దేశం.

నేపథ్యం

పన్నెండవ శతాబ్దంలో పల్నాటి రాజ్యం గురజాల, మాచర్లల మధ్య చీలింది. గురజాలలో నలగామరాజుకు నాగమ్మ, మాచర్లలో మలిదేవునికి బ్రహ్మనాయుడు మంత్రులు. కోడిపందెంలో ఓడి మలిదేవాదులు ఏడేండ్లు వలస వెళ్లారు. గడువు తీరాక రాయబారం నడిపిన అలరాజు విషప్రయోగానికి బలయ్యాడు. అతని భార్య పేరిందేవి నలగాముని కూతురే. ఒకే మరణం ఇరుపక్షాల ఇండ్లనూ తాకింది. ఆ తరువాత నాగులేటి ఒడ్డున కార్యమపూడిలో సేనలు మోహరించాయి.

తల్లి మాట

బ్రహ్మనాయుడు కుమారుని యుద్ధానికి దూరంగా మేడపిలో ఉంచాడు. బొంగరాలాటలో బాలుని బొంగరం తగిలి గాయపడిన ఒక వైశ్యస్త్రీ, తండ్రి రణభూమిలో ఉండగా కొడుకు ఆటలాడుతున్నాడని ఎత్తిపొడుస్తుంది. వీరుని నిర్ణయానికి ప్రేరణ రాజాజ్ఞ నుంచి రాలేదు, వీధిలో వినిపించిన పరిహాసం నుంచి వచ్చింది. యువకుని పోరుకు పంపడంలో లోకాపవాదానికి ఎంత బలమున్నదో కవి ఈ చిన్న సంఘటనతో గుర్తించాడు.

ఐతాంబకు బాలుడు లేకలేక కలిగిన బిడ్డ. శత్రుబలాన్ని చూపి, తన మాతృత్వాన్ని గుర్తుచేసి ఆమె కొడుకును ఆపజూస్తుంది. ఈ వారింపును పుత్రవ్యామోహమని తీసివేయడం సులభం. అయితే ఆమె వాదంలో వ్యామోహంతోపాటు వివేకమూ ఉన్నది. యుద్ధఫలితాన్ని ముందుగా ఊహించినవారిలో ఆమె ఒకతె. చివరకు దీవించి పంపినా, ఆ దీవెన ఆమె మొదటి మాటను రద్దుచేయదు. ఆశీర్వాదాన్ని అంగీకారంగా చదవడం వల్లనే ఆమె ‘వీరమాత’ అన్న ఒక్క బిరుదుకు పరిమితమైంది.

భార్య మాట

వెళ్లేముందు భార్యను చూసిపొమ్మని తల్లి చెబుతుంది. ఆ సూచనలో కోడలి ముఖం చూసైనా కొడుకు ఆగుతాడేమోనన్న చివరి ఆశ ఉన్నది. బాలచంద్రుడు అంతవరకు శ్యామాంగి మోహంలో మాంచాలను ఉపేక్షించినవాడు. అందువల్ల వారి సమాగమమే వీడ్కోలు అయింది. మాంచాల భర్తను ఆపక యుద్ధానికి సాగనంపుతుంది.

ఈ ఘట్టాన్ని పాతివ్రత్యానికి పరాకాష్ఠగా కీర్తించడం పరిపాటి. కానీ ఆమె స్థితిని విడిచి ఆమె మాటను మాత్రమే గ్రహించడం సమంజసం కాదు. దాంపత్యం దక్కని స్త్రీకి భర్తపై మిగిలిన అధికారం అతన్ని పంపగలగడం ఒక్కటే. ఆమె ధైర్యం నిజమైనదే, దానికి చెల్లించిన మూల్యమూ నిజమైనదే. తల్లికి జ్ఞాపకాలైనా మిగిలాయి, భార్యకు అవీ లేవు. అత్త ఆపడం, కోడలు పంపడం పరస్పరవిరుద్ధాలుగా కనిపించినా రెండూ ఒకే నష్టానికి రెండు ముఖాలు.

తండ్రి మౌనం

బ్రహ్మనాయుని స్థితి మరింత జటిలం. ఈ శిశువు వల్ల పల్నాటికి చేటు కలుగుతుందన్న జ్యోతిష్కుల మాట విని బిడ్డను వదిలించుకోజూసిన తండ్రిగా గాథ అతన్ని చూపుతుంది. అతడే తరువాత కుమారుని రణానికి దూరంగా దాచాడు. సంధికి మొగ్గిన తండ్రికి ఎదురుగా, సంధిని తిరస్కరించే కొడుకు నిలుస్తాడు. చాపకూటితో కులభేదాలను దాటించిన నాయకుడు కన్నకొడుకును మృత్యువు దాటించలేకపోయాడు. యుద్ధానంతరం అతడు గుత్తికొండ బిలంలో ప్రవేశించాడన్న ఐతిహ్యంలో, కొడుకు పోయాక బతికి ఉన్న తండ్రికి జనం ఊహించిన గమ్యం కనిపిస్తుంది.

కారెంపూడి స్మృతి

నేటి కారెంపూడిలో ఏటా కార్తికమాసంలో వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అనే అయిదు రోజుల పేర్లు యుద్ధగాథలోని ఘట్టాలను స్మరింపజేస్తాయి. మేడపి వీడ్కోలుకు ఈ వరుసలో ప్రత్యేకదినం లేదు. అయితే వీరాచారవంతులు తమ ఊళ్ల నుంచి కొణతాలను, అంటే వీరుల ఆయుధాలను, మోసుకొని వస్తారు. ఆయుధం రణభూమిలో ఆగిపోలేదు. అది ఇంటికి చేరి, వంశంలో నిలిచి, ఏడాదికొకసారి తిరిగివస్తున్నది. వీరుని స్మరణభారం వహించేది కుటుంబమేనని ఈ ఆచారం చెబుతున్నది.

ముగింపు

బాలచంద్రుని కథను అతని శౌర్యంతో మాత్రమే కొలిస్తే ఇంటిలోని సంభాషణలు యుద్ధవర్ణనకు పీఠికగా మిగిలిపోతాయి. ఐతాంబ, మాంచాల, బ్రహ్మనాయుల స్థితులను కలిపి చదివినప్పుడు వీరత్వానికి అయిన వ్యయం తెలుస్తుంది. కవి యుద్ధాన్ని ఖండించలేదు. తల్లి అభ్యంతరానికి జవాబూ చెప్పలేదు. దానిని కావ్యంలో యథాతథంగా ఉంచాడు. పల్నాటి వీరసాహిత్య విమర్శ ఆ అభ్యంతరాన్ని వీరగాథలో ఒక అంగంగా స్వీకరించవలసి ఉన్నది.