రేట్ల పట్టిక ఫొటో కాకూడదు

నెల్లూరు తీరంలో చిన్న కంపెనీ అంటే చాలావరకు రొయ్యల చుట్టూ తిరిగేదే. ముత్తుకూరు, ఇందుకూరుపేట, విడవలూరు వైపు వెళ్తే సీడ్ అమ్మే హేచరీలు, మేత డీలర్లు, ఏరియేటర్ల షాపులు కనిపిస్తాయి. ఇలాంటివాళ్లకు వెబ్‌సైట్లు చేసిపెట్టడం నా పని. వాటిలో జనం ముందు వెతికేది ఇవాళ్టి రేటు. 100 కౌంట్ (కిలోకు వంద రొయ్యలు) ఎంత, 50 కౌంట్ ఎంత?

ఆ రేటు సైట్‌లోకి ఎలా వస్తుందో చూడండి. డీటీపీ షాపులో అను ఫాంట్లలో కొట్టి, రంగులద్ది, ఫొటో చేసి వాట్సాప్‌లో పంపుతారు. దాన్నే సైట్‌లో పెట్టేస్తారు. చూపున్నవాళ్లకు అది పట్టిక. ఫోన్లో తెరను చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకున్నవాళ్లకు చాలాసార్లు ‘ఇమేజ్’ అన్న ముక్క తప్ప ఏమీ వినపడదు. పీడీఎఫ్ పెట్టినా గట్టెక్కలేం. ఆ పాత ఫాంట్లలో పైకి కనిపించేది తెలుగే గానీ, లోపలున్నవి ఇంగ్లిషు అక్షరాల కోడ్‌లు. చదివిపెట్టే సాఫ్ట్‌వేర్ ఆ గజిబిజినే చదువుతుంది. ఒక్కో భాష లిపికి సొంత కోడ్‌లిచ్చే యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దొరికింది. మన రేట్ల పట్టికలు మాత్రం ఇంకా అక్కడికి చేరలేదు.

అందుకే ముందు పట్టికను అక్షరాల్లో టైపు చేయిస్తాను. ఏ ధర ఏ కౌంట్‌దో కలిపి వినపడేలా వరసలకు శీర్షికలు పెడతాను. పేజీ భాష తెలుగని కోడ్‌లో రాస్తాను, లేకపోతే ఇంగ్లిషు గొంతు తెలుగును చదవబోయి తడబడుతుంది.

‘చూపు లేనోళ్లు మన సైటెందుకు చూస్తారన్నా?’ అని యజమానులు అడుగుతుంటారు. షుగరుతో చూపు మసకబారినా లెక్కలు తానే చూసుకునే పెద్ద రైతు ఏ ఊళ్లో ఉండడు? అంతెందుకు, మచిలీపట్నం దగ్గర సీతారామపురంలో పుట్టిన, పుట్టుకతోనే చూపులేని శ్రీకాంత్ బొల్లా 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టారు. రేటు అడిగేవాళ్లే కాదు, కంపెనీ నడిపేవాళ్లూ చూపులేనివాళ్లు కావచ్చు.

చట్టం కూడా ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 46వ సెక్షన్, సేవలను దివ్యాంగులకు అందుబాటులో ఉంచే బాధ్యత నుంచి ప్రైవేటు సంస్థలనూ వదల్లేదు. డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని 2025 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే చట్టం పేరెత్తితే తలూపే యజమాని, గుంట గట్టు మీదికి తీసుకెళ్తే నిజంగా ఒప్పుకుంటాడు. మిట్టమధ్యాహ్నం ఎండలో లేత బూడిదరంగు అక్షరాలు ఎవరికీ కనపడవు. అంతర్జాతీయ ప్రమాణాలు అక్షరానికీ వెనక రంగుకూ మధ్య కనీసం 4.5:1 తేడా అడిగేది మసకచూపు వాళ్ల కోసం. అది ఎండలో నిలబడ్డ రైతుకూ పనికొస్తుంది. బటన్ కనీసం 24 పిక్సెళ్లు ఉండాలన్న 2023 నాటి నియమం వణికే చేతుల కోసం. అది తడి వేళ్లకూ మేలు చేస్తుంది.

ఒక్క ప్లగిన్ తగిలిస్తే సైటు అందరికీ అందుబాటులోకి వస్తుందని అమ్మేవాళ్లున్నారు. ఫొటోలో ఇరుక్కున్న రేటును అది తప్పులేకుండా చదువుతుందన్న భరోసా నాకు లేదు.

నేనెంత బాగా కట్టినా, రోజూ పొద్దున రేటు పెట్టేది ఆఫీసు కుర్రాడు. తొందరలో మళ్లీ ఫొటోనే పెట్టేస్తాడు. తప్పు అతనిది కాదు, ఆ దారి తేలికగా ఉంది మరి. అందుకే ఆ పేజీలో ఫొటో ఎక్కించే బటన్ తీసేసి, కౌంట్‌కు ఒక గడి, ధరకు ఒక గడి ఇస్తున్నాను. సరైన పద్ధతే సులువైన పద్ధతి అయితే, దాన్ని ఎవరికీ రోజూ గుర్తుచేయక్కర్లేదు.