కాలువ తద్భవమా?

"కాలువ" యనునది సంస్కృత "కుల్యా" శబ్దమునకు తద్భవమని మన పాఠశాలలలో చెప్పుట పరిపాటి. ఇటీవల నొక విద్యార్థికోశమున నీ మాటయే మరల గనబడినది. కోనసీమలో నేనును ఏండ్ల తరబడి పిల్లలకు నిట్లే చెప్పితిని. కావున నీ విమర్శ ముందుగా నన్నే తాకును.

అర్థసామ్యము లేకపోలేదు. అమరసింహుడు కుల్యను మనుష్యకృతమైన చిన్నయేరుగా జెప్పెను. మా పంటకాలువకు నింతకంటె దగిన లక్షణము దొరకదు. కాని తద్భవత్వమునకు అర్థ మొక్కటి చాలదు, వర్ణములును ఒప్పవలెను. ప్రాకృతమున "ల్య" ద్విరుక్తలకార మగును. "శల్యము" "సల్ల" మైనట్లే "కుల్యా" "కుల్లా" యగును. కడపటి దీర్ఘము హ్రస్వమైనచో తెనుగున "కుల్ల" రావలెను. తొలి యుకారము దీర్ఘాకార మగుటకు గాని, తుదిని వకారము చేరుటకు గాని విధాయకమేది? బాహుళకమని తప్పించుకొనవచ్చును, వైయాకరణులము ఆ విద్యలో నారితేరినవారమే!

సోదరభాషలను జూచిన చిక్కు విడును. అరవమున "కాల్వాయ్", కన్నడమున "కాలువె". అరవమున "కాల్" ఒక్కటియే నీటికాలువ కర్థముగా గలదు. కాలువ దేశ్యమే. నీరు నడచును గనుక పాదవాచియగు "కాలు" నుండి పుట్టినదనుటయు తొందరపాటే. అదియు ధ్వనిసామ్యమును నమ్మి చేసిన పొరపాటే యగును. చేనిగట్టు క్రింద నీరు దూరు "తూము" సైతము దేశ్యము. అరవమున "తూంబు", కన్నడమున "తూబు" దాని తోబుట్టువులు. తెనుగు సంస్కృతజన్యము కాదని ఎల్లిసు 1816లోను, కాల్డువెల్లు 1856లోను చూపియున్నను, మన టీకలలో పాతమాట నిలిచియే యున్నది.

సంస్కృతపదముల కన్యాయము వేరొకటి. నీటిదారికి పేరైన "ప్రణాళి" నుండి వచ్చిన "ప్రణాళిక" వినగానే, 1951లో మొదలైన పంచవర్షప్రణాళికలే విద్యార్థికి దోచును. కావ్యమున "ప్రణాళి" కనబడినప్పుడు ఉపాధ్యాయుడు నీటిదారిని జ్ఞప్తికి దేవలెను.

క్రొత్తమాటలు కూర్చువారును ధాత్వర్థమును మరువరాదు. గన్నవరమున వైనతేయపాయ మీదుగా కాలువను దాటించి నగరపులంకకు నీరిచ్చుటకై 19వ శతాబ్ది నడుమ 49 కమానులతో గట్టిన కట్టడము గలదు. దాని చేరువ లేచిన క్రొత్తదానికి, అన్నదానమున బేరెన్నికగన్న డొక్కా సీతమ్మగారి పేరు పెట్టినారు. జనులు "అక్విడెక్టు" అనుచుండగా, కొందరు "జలసేతువు" అని వ్రాయుచున్నారు. బంధనార్థకమైన "సి" ధాతువుపై తున్ప్రత్యయము వచ్చి "సేతు" శబ్దమైనది. నీటిని గట్టునది సేతువు. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్టకు ఆ పేరు సరిపోవును. గన్నవరపు కట్టడము నీటిని గట్టదు, నడపును. లాటినునుండి వచ్చిన "అక్విడెక్టు"కు నీటిని నడపునదని యర్థము గనుక, మా యూరివారి మాట పండితుల మాటకంటె నిర్దోషము. తెనుగే కావలె నన్నచో "ఏటిమీది కాలువ" యన్న చాలును.