అరుగే సెట్టు, ఊరే తారాగణం

జీరో బడ్జెట్‌లో కామెడీ సిరీస్ తీద్దామని నలుగురు కుర్రాళ్లు కూర్చుంటే మొదట వచ్చే చర్చ కెమెరా గురించే. ఏ ఫోను మంచిది, గింబల్ కావాలా, డ్రోన్ ఎవరి దగ్గర దొరుకుతుంది అంటూ గంటలు గడిచిపోతాయి. నవ్వించడానికి డ్రోన్ ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు. జేబులో డబ్బు లేనివాడికి మిగిలేది చుట్టూ ఉన్న మనుషులు, వాళ్లు మాట్లాడే మాట. ఈ రెంటితోనే నడిచిన హాస్యం మనకు కొత్తేమీ కాదు.

పగటివేషగాళ్లకు వేదిక లేదు, తెర లేదు. పట్టపగలు వీధిలోనే ఆట. దళం ఊళ్లో కొన్నాళ్లు మకాం వేసి, రోజుకో వేషం కట్టి, ఆఖరి రోజున ఇంటింటికీ వచ్చి సంభావన అడిగేది. రోజుకో ఎపిసోడు, డబ్బులు చివర్లో. బుర్రకథలో వంతగాళ్లలో ఒకరి పని హాస్యమే. తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తుండగా కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క దూరిపోయి మాట్లాడేది లంక సంగతులు కాదు, ఎదురుగా కూర్చున్న ఊరి సంగతులు.

ఆ పద్ధతి ఫోనులోకి ఎలా దిగిందో చూడాలంటే జగిత్యాల జిల్లా మల్యాల మండలంలోని లంబాడిపల్లిని చూడాలి. శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' యూట్యూబ్ ఛానల్ అక్కడి వాకిళ్లలో, పొలం గట్ల మీద పెరిగింది. కూలి పనులు చేసుకుని బతికిన గంగవ్వ, అదే బృందంలోని అనిల్ జీల తెలుగువాళ్లందరికీ తెలిసిన మొహాలయ్యారు. పెద్దగా చదువుకోని గంగవ్వకు స్క్రిప్టు చేతికిచ్చి బట్టీ పట్టమంటే కుదరదు. సందర్భం చెప్పాలి, అనాల్సిన ముక్క వినిపించాలి, ఆమె దాన్ని తన మాటలో అంటుంది. నటన రాని వాళ్లతో తీసే ఎవరికైనా ఇదే దారి. రాసిన వాక్యాన్ని పట్టుకుని వేలాడితే మీ మేనత్త కూడా రేడియో వార్తలు చదివినట్టే మాట్లాడుతుంది. 2019లో వచ్చిన 'మల్లేశం', 'ఇస్మార్ట్ శంకర్' సినిమాల్లో గంగవ్వ కనిపించింది, మరుసటి ఏడాది బిగ్ బాస్ ఇంట్లో అడుగుపెట్టింది.

ఇక్కడ నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది వేరు. చాలాకాలం మన సినిమాల్లో తెలంగాణ మాట, ఉత్తరాంధ్ర మాట, సీమ మాట విలన్ వెంట తిరిగేవాడికో, కమెడియన్‌కో, పనిమనిషికో దక్కేవి. హీరో మాత్రం పుస్తకం మాట మాట్లాడేవాడు. యాస వినబడగానే నవ్వాలన్నది లెక్క. లంబాడిపల్లి వీడియోలో ఫ్రేములో ఉన్న అందరిదీ ఒకే యాస. అప్పుడు యాస జోకు కాదు, అది గాలిలాంటిది. నవ్వు ఇంకెక్కడి నుంచో పుట్టాలి: ఒకరి పిసినారితనం నుంచి, ఇంకొకరి గొప్పల నుంచి, అత్తాకోడళ్ల లౌక్యం నుంచి. బయటి నుంచి నటులను తెచ్చుకునే డబ్బు లేకపోవడం వల్లే ఈ మంచి జరిగిందని నా నమ్మకం.

డబ్బు లేకపోవడాన్ని కథలోకి లాక్కోవడం ఈ పనిలో అసలు విద్య. అమెరికాలో కెవిన్ స్మిత్ తాను పనిచేసే దుకాణంలోనే 'క్లర్క్స్' సినిమా తీశాడు, 1994లో విడుదలైంది. పగలు కొట్టు నడవాలి కాబట్టి షూటింగ్ రాత్రిపూట. కథేమో పగలు జరగాలి, బయటి చీకటి కనబడకూడదు. షట్టర్ తాళాల్లో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారు, అవి తెరుచుకోవడం లేదని కథలోనే రాసేశాడు. కొట్టు తెరిచే ఉందని గుడ్డ మీద రాసి వేలాడదీయడం దానిపై ఇంకో జోకు. మనకూ ఇలాంటివి ఎదురవుతూనే ఉంటాయి. మూడో ఎపిసోడ్ నాటికి హీరో తిరుపతి వెళ్లి గుండుతో తిరిగొస్తాడు. కంటిన్యుటీ పోయిందని తలపట్టుకోకుండా ఆ గుండు మీదే ఎపిసోడ్ రాసుకోవాలి.

సిరీస్ రాయడం నేర్చుకోవాలంటే 2001లో జెమినీ టీవీలో మొదలైన 'అమృతం' మళ్లీ చూడండి. దాన్ని నిర్మించిన గుణ్ణం గంగరాజు దగ్గర డబ్బు లేదనడం లేదు, కానీ కథ పొదుపుగా ఉంటుంది. ఇద్దరు మిత్రులు, ఇద్దరు భార్యలు, ఒక ఇంటి ఓనరు, ఒక హోటలు. ఎన్ని దెబ్బలు తిన్నా కథానాయకుడు అమృతానికి బుద్ధి రాదు, వస్తే సీరియల్ ఆగిపోతుంది. ఆ పాత్రను శివాజీ రాజా, నరేష్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో వేసినా అది చెక్కుచెదరలేదు. నటులు ఉద్యోగాలొచ్చి బెంగళూరు వెళ్లిపోయే మన లోకానికి ఇది పనికొచ్చే పాఠం: మనిషి మారినా పాత్ర నిలిచేలా రాయాలి.

తీసేటప్పుడు మొదటి శ్రద్ధ శబ్దం మీద పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా కథలో పడితే ఎవరూ పట్టించుకోరు. పంచ్‌లో ఒక్క మాట వినబడకపోతే పంచే లేదు. దూరంగా నిలబెట్టిన ఫోను మైకు గదంతా వింటుంది కానీ మనిషిని వినదు. రెండో ఫోనును రికార్డింగ్‌లో పెట్టి నటుడి చొక్కా జేబులో దాచి, షాట్ మొదట్లో కెమెరా ముందు గట్టిగా చప్పట్లు కొడితే ఎడిటింగ్‌లో ఆ చప్పుడు ఆనవాలుగా రెండూ కలుస్తాయి. ఫ్యాను ఆపాలి, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ మళ్లీ వేయడం మరిచిపోతే ఆ ఇంటావిడ రెండోసారి షూటింగ్‌కు గుమ్మం ఎక్కనివ్వదు. అందుకే సౌండు వాళ్లు బండి తాళాలు ఫ్రిజ్‌లో పెడతారు, తీసుకోకుండా ఇంటికి వెళ్లలేరు కదా. ఎవరూ మాట్లాడని గదిని అర నిమిషం రికార్డు చేసి ఉంచుకుంటే కట్లు అతకడానికి పనికొస్తుంది.

వెలుగుకు అరుగు చాలు. ఎండ నేరుగా పడని నీడలో మొహం బాగుంటుంది, చీకటి వైపు తెల్ల థర్మాకోల్ అట్ట పట్టుకుంటే సరి. ట్యూబ్‌లైట్ కింద చారలు కదిలితే కారణం మన 50 హెర్ట్జ్ కరెంటు. ఫోనులో సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెడితే పోతాయి.

కామెడీలో అతి చవకైన, అతి బలమైన షాట్ మాట్లాడేవాడిది కాదు, వినేవాడిది. ఒక్కటే కెమెరా ఉంటే ముందు సీనంతా మాస్టర్ తీసి, తర్వాత ఒకరి వైపు క్లోజులన్నీ పూర్తి చేసి, ఆ మీదట కెమెరా తిప్పండి. మాటలు అయిపోయాక కూడా వెంటనే కట్ చెప్పకండి. డైలాగు ముగిసి ఏం చేయాలో తోచక నటుడు బిత్తరపోయే ఆ రెండు సెకన్లే ఎడిటింగ్‌లో బంగారం. పంచ్ పడింది, వినేవాడి మొహం వచ్చింది, అంతే, పక్క సీనుకు వెళ్లిపోవాలి. అక్కడ టింగ్‌మనే శబ్దమూ, బ్రహ్మానందం మీమూ అతికించడం ప్రేక్షకుడికి నవ్వాల్సిన చోటు వేలు పెట్టి చూపించడమే. అరువు మొహంతో వచ్చే నవ్వు మీ ఖాతాలో పడదు. సినిమా పాటల ముక్కలూ వద్దు, కాపీరైట్ క్లెయిమ్ వచ్చి ఆదాయం పాట హక్కుదారుకు పోవచ్చు.

ఖర్చు లేదని మనం అనుకునే ఈ పనిలో నిజంగా ఖర్చయ్యేది స్నేహితుల ఆదివారాలు. టిఫినూ చాయ్ లేకుండా ఎవరినీ ఎండలో నిలబెట్టకండి. ఒక పూటలో ముగిసేంత ఎపిసోడే రాయండి, మూడు ఎపిసోడ్లు చేతిలో ఉన్నాకే మొదటిది వదలండి. యూట్యూబ్ ప్రకటనల్లో వాటా రావాలంటే మామూలు వీడియోల లెక్కన 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4,000 గంటల వీక్షణ కావాలి, కాబట్టి ఆ డబ్బు చాలాకాలం రాదు. వచ్చిన రోజు మాత్రం గొడవ తప్పకుండా వస్తుంది. మొదటి షాట్ పెట్టకముందే ఎవరి వాటా ఎంత, ఛానల్ పాస్‌వర్డ్ ఏ ఇద్దరి దగ్గర ఉండాలి, ఎవరి పేరు ఎక్కడ వేయాలి అన్నవి ఒక కాగితం మీద రాసి, అందరిచేతా సంతకాలు పెట్టించండి.