బందరు రేవును చూడవలసిన తీరు

భూమిలో సంచరించి, తమకు పూర్వం గడిచిన జాతుల పర్యవసానం ఏమైందో పరిశీలించమని దివ్యఖుర్‌ఆన్ అనేక చోట్ల మానవుణ్ణి ప్రబోధిస్తున్నది. అన్‌ఆమ్, హజ్, రూమ్ సూరాలలో ఈ భావం కనిపిస్తుంది. సంచారంతో పాటు హృదయం కూడా మేల్కొని ఉండాలన్నది అందులోని షరతు. కనుక పాత కట్టడాల దర్శనమూ, మ్యూజియంల సందర్శనమూ ముస్లిముకు కేవలం కాలక్షేపం కాజాలవు. ఈ కొలబద్దతో మచిలీపట్నాన్ని, అనగా మన బందరును, నేడు చూపిస్తున్న తీరును, మనం చూస్తున్న తీరును పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

హైదరాబాదులోని పాఠకులకు బందరు దూరపు ఊరుగా తోచవచ్చు. ఒకప్పుడు అలా లేదు. 2019లో రాయదుర్గం వరకు మెట్రో రైలు వచ్చింది. ఆ స్టేషను చుట్టూ ఈనాడు అద్దాల మేడలు లేచాయి, అక్కడి నుంచి దేశదేశాలతో వ్యాపారం తీగల మీద సాగుతున్నది. దానికి దాపుననే ఉన్న గోల్కొండ నుంచి నాలుగు వందల ఏళ్ళ క్రితం దేశదేశాలతో వ్యాపారం ఎడ్ల బండ్ల మీద సాగి బందరులో ఓడ ఎక్కేది. గోల్కొండ రాజ్యానికి బందరే సముద్ర ద్వారం. హయాత్‌నగర్‌లోని హయాత్ బక్షీ బేగం మస్జిదు, దానిని చుట్టి ఉన్న సరాయి గదులు ఆ బందరు బాట మీదివే. హైదరాబాదులో కుతుబ్‌షాహీ గోరీలను చూచి వచ్చి, ఆ రాజ్యాన్ని మొత్తం చూచామనుకోవడం ఇంటి వసారా చూచి ఇల్లు చూచామనుకోవడం వంటిది. 2014లో రాష్ట్రం రెండయిన తరువాత రాజధాని ఒక ప్రభుత్వం కిందా, రేవు మరొక ప్రభుత్వం కిందా చేరాయి. గోల్కొండ గోరీలకు 2013 నుంచి దశాబ్దం పైబడి జరిగిన మరమ్మతు మెచ్చదగినదే. కాని ఆ రాజ్యపు చరిత్రలో సగం సముద్రపు ఒడ్డున ఉన్నది.

ఇక బందరును గురించి సాధారణంగా చెప్పే కథ ఏమిటి? 1605లో డచ్చివారు వచ్చారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చారు, 1669లో ఫ్రెంచివారు వచ్చారు, 1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి నుంచి ఊరిని పట్టుకున్నాడు. బందరు కోటలోని ఇటుక గోడలు, డచ్చివారి సమాధులు ఈ కథకు సాక్ష్యంగా చూపబడతాయి. పరాసుపేట, వలందపాలెం, ఇంగ్లీషుపాలెం అనే పేటల పేర్లు కూడా ఈ కథకే వత్తాసు పలుకుతాయి. ఇందులో అబద్ధం లేదు. అయితే ఈ కథలో వచ్చినవారున్నారు గాని, వారు ఎవరి ఊరికి వచ్చారో, ఎవరి అనుమతి పొందారో, ఎవరితో పోటీపడ్డారో లేదు. అతిథుల జాబితా చదివి, ఇంటి యజమాని పేరు వదలివేసినట్లున్నది.

ఈ లోపానికి కొంత కారణం అనువాదంలోనే ఉన్నదని నా అభిప్రాయం. మూడు మాటలు చాలు. మొదటిది 'ఫ్యాక్టరీ'. మన పాఠ్యపుస్తకాలు ఈ మాటను అట్లే ఉంచేశాయి. చదివిన పిల్లవాడు తెల్లవారు బందరులో యంత్రాలు పెట్టి వస్త్రాలు నేశారని అనుకుంటాడు. నిజానికది కంపెనీ గుమాస్తాలు ఉండి సరుకు కొని దాచే గిడ్డంగి ఇల్లు. దానికి 'కోఠీ' అనే మాట మనకు ఉండనే ఉన్నది. నేసినవారు, అద్దినవారు చుట్టుపక్కల పల్లెల్లోని మన పనివారు. రెండవది 'మూర్లు'. యూరపు వారు తమ కాగితాలలో ముస్లిములందరినీ ఈ ఒక్క మాటతో సరిపెట్టారు. దానిని 'ముస్లిములు' అని తెనిగించి ఊరుకుంటే ఇరానీ వర్తకుడు, అరబ్బు నాఖుదా, స్థానిక ముస్లిం సరంగు అందరూ ఒకే ముద్దగా కలిసిపోతారు. మూడవది 'ఫర్మానా'. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువారికి ఇచ్చిన 'బంగారు ఫర్మానా'ను ఒక ఒడంబడికగా వర్ణించడం పరిపాటి. ఏడాదికి 500 పగోడాలు కట్టి రేవులలో వ్యాపారం చేసుకొమ్మని సుల్తాను ఇచ్చిన అనుగ్రహ పత్రమది. ఇచ్చిన చేయి పైన ఉన్నది, పుచ్చుకున్న చేయి కింద ఉన్నది. పరిస్థితి తారుమారయింది తరువాతి శతాబ్దంలో.

తెలుగు భాష మాత్రం ఆ యజమానిని మరచిపోలేదు. 'బందరు' అనేదే ఫార్సీ మాట, రేవు అని అర్థం. గుమాస్తా, రసీదు, వసూలు, సర్కారు అనే మాటలు అరబ్బీ ఫార్సీల నుంచి వచ్చి మన ఇళ్ళలో స్థిరపడినవే. బందరు చరిత్రకు ఇంతకంటె పెద్ద మ్యూజియం లేదు, దీనికి టిక్కెట్టు కూడా అక్కరలేదు.

చెప్పకుండా విడిచిన సంగతులలో మనకు అన్నిటికంటె ముఖ్యమైనది హజ్ ఓడ. 16వ శతాబ్దం చివరి దశకాల నుంచి గోల్కొండ సుల్తానుల ఓడలు బందరు నుంచి ఎర్ర సముద్రానికి వెళ్ళేవి. వాటిలో అద్దకపు వస్త్రాలతో పాటు యాత్రికులు కూడా ఉండేవారు. గాలి వాలు చూచుకొని బయలుదేరి, తిరిగి గాలి మారేవరకు అక్కడ ఆగి రావలసిన ప్రయాణమది. పోర్చుగీసువారి అనుమతి చీటీ లేని ఓడ నడిసముద్రంలో వారి చేత చిక్కే ప్రమాదం ఉండేది. నేడు శంషాబాదులో విమానమెక్కి కొన్ని గంటలలో జిద్దాలో దిగుతున్న మనకు ఆ యాత్రికుని నియ్యతు ఎంతటిదో ఊహకు అందదు. కోట గోడలను చూపించే మార్గదర్శి ఒక్కడు ఆ ఒడ్డున నిలిచి, ఇక్కడ నుంచే 'లబ్బైక్' అనుకుంటూ సాగిపోయారని చెప్పగలిగితే ఆ ఉప్పునేల వేరుగా కనిపిస్తుంది.

కాని విమర్శ ఒకవైపే సాగితే న్యాయం కాదు. మనవారి దర్శనంలోనూ ఒక దోషమున్నది. పాత కట్టడం కనిపించగానే పూర్వవైభవాన్ని తలచుకొని నిట్టూర్చడం మనకు అలవాటయింది. మచిలీపట్నం పేరును ఉర్దూ 'మఛ్లీ'తో ముడిపెట్టి మురిసిపోయేవారున్నారు. ఉర్దూ పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందే, క్రీస్తు శకం తొలి శతాబ్దాలలో, గ్రీకు నావికుల రచనలు ఈ తీరాన్ని మసాలియా, మైసోలియా అని పేర్కొన్నాయి. రేవు మనకంటె పాతది. మనం దాని కథలో ఒక అధ్యాయం, గొప్ప అధ్యాయమే, కాని మొదటిది కాదు.

ఆ అధ్యాయంలో కూడా అంతా వెలుగే లేదు. రేవు సుంకాలను గుత్తకు ఇచ్చే పద్ధతి ఉండేది. ఎక్కువ పాడినవాడికి అధికారం, అతడు ఆ సొమ్మును వర్తకుల నుంచి, పనివారి నుంచి పిండుకునేవాడు. 1618 నుంచి 1622 వరకు బందరులో ఉన్న ఇంగ్లీషు వర్తకుడు విలియం మెథ్వోల్డు ఈ పద్ధతిని వర్ణించాడు. గుత్త సొమ్ము చెల్లించలేకపోయిన ఒక బ్రాహ్మణ అధికారిని కొట్టించి చంపించిన ఉదంతం కూడా రాశాడు. ఇరాన్‌లోని అర్దిస్తాన్ నుంచి వచ్చి, బందరు అధికారిగా పనిచేసి, వజ్రాల వ్యాపారిగా, ఓడల యజమానిగా ఎదిగిన మీర్ జుమ్లా ప్రతిభ ఆశ్చర్యకరమైనది. అధికారమూ వ్యాపారమూ ఒకే చేతిలో ఉంటే చిన్న వర్తకునికి ఏమి మిగులుతుందన్న ప్రశ్న కూడా అతని జీవితమే వేస్తున్నది. తూకంలో, కొలతలో అన్యాయం చేసిన మద్యన్ వాసుల వృత్తాంతాన్ని ఖుర్‌ఆన్‌లో చదివే మనం, పాలకులు మనవారైనంత మాత్రాన ఆ త్రాసును పక్కన పెట్టరాదు.

మ్యూజియంల సంగతికి వస్తే, బందరు పనితనంలో మేలైనవి కొన్ని సముద్రాలు దాటిపోయాయి. 17వ శతాబ్దపు గోల్కొండ కలంకారీ రుమాళ్ళు న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలోనూ, లండనులోని విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియంలోనూ భద్రంగా ఉన్నాయి. అక్కడ వాటిని కళాఖండాలుగా చూపుతారు. చేసినవారి పేర్లు లేవు, దొరికే ఆశ కూడా లేదు. ఆ ఎరుపు కృష్ణా ముఖద్వారపు నేలల్లో దొరికిన చిరివేరు నుంచి వచ్చింది. ఆ పూలూ, లతలూ ఇరానీ రుచికి తగినట్లు తెలుగు చేతులు తీర్చినవి. అంటే ఒక గుడ్డ ముక్కలో హిందువు శ్రమ, ముస్లిం అభిరుచి, డెల్టా నేల మూడూ కలిసి ఉన్నాయి. ఆ పని పెడనలో నేటికీ బతికే ఉన్నది. గాజు బీరువాలోని రుమాలును చూచి ముగ్ధులై, పెడనలో అచ్చు అద్దే మనిషి దగ్గర గీచి గీచి బేరమాడే సందర్శకుడు మ్యూజియం నుంచి నేర్చుకున్నదేమీ లేదని చెప్పక తప్పదు.

బందరును ముంచింది సైన్యాల కంటె సముద్రం. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో సుమారు 30 వేలమంది ప్రాణాలు కోల్పోయారు. ఊరు మళ్ళీ మునుపటి వలె లేవలేదు. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన ఆ గాయాన్ని తిరిగి రేపింది. ఇటువంటి చోట కొందరు ఉపన్యాసకులు తొందరపడి దైవశిక్ష అని తీర్పు చెబుతారు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) సమూద్ జాతి నివసించిన హిజ్ర్ మీదుగా వెళ్ళినప్పుడు సహచరులను భయభక్తులతో, కన్నీళ్ళతో దాటమన్నారు. అది దైవవాక్కు తీర్పు చెప్పిన జాతి విషయం. తీర్పు మనకు తెలియని వారి విషయంలో నోరు అదుపులో ఉంచుకోవాలి. నీట మునిగి మరణించిన విశ్వాసికి షహీద్ స్థానం ఉన్నదని కూడా ఆ ప్రవక్తే తెలిపారు. మరణాన్ని గుర్తుచేస్తాయి గనుక సమాధులను దర్శించమన్నారు. బందరులో పరదేశపు వర్తకుని సమాధి ముందు నిలిచినా ఆ గుణపాఠం తగ్గదు. లాభం కోసం ఇంతదూరం వచ్చిన మనిషి చివరకు ఆరడుగుల నేలను మాత్రమే పట్టుకొని ఉన్నాడు.

ఇప్పుడు చేయవలసిన పని ఏమిటి? 2023లో బందరు తీరాన కొత్త రేవు పనులు మొదలయ్యాయి. రోడ్లు వస్తాయి, గిడ్డంగులు వస్తాయి, నేల ధర పెరుగుతుంది. ధర పెరిగిన నేల మీద పాత గోడకు, పేరులేని గోరీకి రక్షణ ఉండదు. అందుచేత బందరులోని పాత మస్జిదులలో, ఖబరస్తానులలో మిగిలిన శాసనాలను అక్కడి మన యువకులు ఇప్పుడే ఫోటో తీసి, చదివించి, నమోదు చేయడం అవసరం. ఈ పనికి పెద్ద నిధులు అక్కరలేదు, ఫార్సీ చదవగల ఒక ఆలిము, ఓపికగల నలుగురు విద్యార్థులు చాలు. అట్లే, అబ్దుల్లా కుతుబ్‌షా 1639లో పరివారంతో బందరుకు ప్రయాణించిన వైనాన్ని అతని కాలపు చరిత్ర గ్రంథం 'హదీఖతుస్ సలాతీన్' వివరంగా చెబుతున్నది. అటువంటి భాగాలను సరళమైన తెలుగులో బందరు పిల్లల చేతికి అందించడం మా అనువాదకుల మీద ఉన్న బాకీ. ఆ పిల్లలలో హిందువులూ ఉంటారు, ముస్లిములూ ఉంటారు. ఊరు ఇద్దరిదీ గనుక కథ కూడా ఇద్దరికీ ఒకే పుస్తకంలో చేరాలి.