ఇంట గెలిచే సర్వర్

ఇంట్లో ఓ మూల చిన్న కంప్యూటర్‌ను రాత్రింబవళ్లు నడుపుతూ కుటుంబం ఫొటోలు, పత్రాలు, సినిమాలు, పాస్‌వర్డ్‌లు అందులోనే పెట్టుకునే ఏర్పాటును హోమ్‌ల్యాబ్ అంటున్నారు. పేరు కొత్తదే కానీ అలవాటు పాతది. 1978 ఫిబ్రవరిలో షికాగోలో వార్డ్ క్రిస్టెన్సెన్, ర్యాండీ సూస్ మొదలుపెట్టిన సీబీబీఎస్ బులెటిన్ బోర్డు సూస్ ఇంట్లోనే, టెలిఫోన్ లైనుకు తగిలించిన మోడెమ్‌తో నడిచింది. ఈ అలవాటును మెచ్చుకునేవాళ్లు సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. నెలనెలా కట్టే చందా తప్పుతుందని ఒకటి, మన సమాచారం మన దగ్గరే ఉంటుందని ఇంకొకటి. రెండూ సగం నిజాలే. డిస్కులు, కరెంటు, వెచ్చించే సమయం కలిపి లెక్క వేస్తే మిగులు పెద్దగా కనిపించదు. దగ్గర ఉన్నంత మాత్రాన సమాచారం భద్రంగా ఉన్నట్టూ కాదు. ఏ యంత్రమైనా ఏదో ఒక రోజు చెడిపోతుందని ముందే ఒప్పుకుని, చెడిపోయాక అంతా మళ్లీ నిలబెట్టే పద్ధతి నేర్పడమే ఈ సంప్రదాయం చేసే పెద్ద మేలు. ఇందులోని మెళకువలన్నీ ఆ పని చుట్టూ అల్లుకున్నవే.

యంత్రం ఎంచుకోవడంతోనే ఆ ఆలోచన మొదలవుతుంది. కొత్తగా దిగేవాళ్లకు కంపెనీలు తీసేసిన ర్యాక్ సర్వర్ల మీద మోజు ఎక్కువ. కొనేటప్పుడు చవక, చూడటానికి గంభీరం. కానీ 150 వాట్లు లాగే పెట్టె ఆపకుండా నడిస్తే ఏడాదికి 1,314 యూనిట్లు కాలుస్తుంది. యూనిట్ 8 రూపాయలనుకుంటే పదివేల పైమాటే. ఆఫీసుల్లో వాడి తీసేసిన డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ వంటి చిన్న పెట్టెలు పెద్దగా పని లేనప్పుడు 15 వాట్ల దరిదాపుల్లోనే ఉంటాయి. అంటే ఏడాదికి 131 యూనిట్లు, వెయ్యి రూపాయల చిల్లర. పైగా ఇవి మామూలు సరుకు. ఒకటి పోతే అలాంటిదే ఇంకొకటి వెతికి తెచ్చుకోవడం కష్టం కాదు. కరెంటు తరచూ పోయే ఊళ్లలో పాత ల్యాప్‌టాప్ కూడా మంచి సర్వరే, దాని బ్యాటరీయే యూపీఎస్. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకుంటే బ్యాటరీ త్వరగా పాడవదు. ఏది కొన్నా మే నెల ఎండల్లో తలుపులు మూసిన అలమరాలో మాత్రం పెట్టకూడదు.

ఆ పెట్టె మీద నడిచే సాఫ్ట్‌వేర్‌కూ ఇదే సూత్రం. 2008లో వచ్చిన ప్రాక్స్‌మాక్స్ ఒకే కంప్యూటర్‌ను అనేక వర్చువల్ మెషీన్లుగా విడదీస్తుంది. 2013లో వచ్చిన డాకర్ ఒక్కో సేవను ఒక్కో కంటైనర్‌లో ఉంచుతుంది. పత్రాలకు నెక్స్ట్‌క్లౌడ్, సినిమాలకు జెల్లీఫిన్, ఫొటోలకు ఇమ్మిచ్, ఇంట్లో లైట్లకు, సెన్సర్లకు హోమ్ అసిస్టెంట్, ఇలా దేనికది వేరు. ఏ సేవ ఏ వెర్షన్‌లో నడవాలి, దాని డేటా ఏ ఫోల్డర్‌లో ఉండాలి, ఏ పోర్టులో వినాలి అన్నదంతా కంపోజ్ ఫైల్ అనే చిన్న టెక్స్ట్ ఫైల్‌లో రాసి ఉంటుంది. ఈ ఫైళ్లను, ఫైళ్లలో చేసిన ప్రతి మార్పునూ గుర్తుంచుకునే గిట్‌లో దాచుకున్నవాళ్లకు యంత్రం పోవడం పెద్ద నష్టం కాదు. కొత్త పెట్టె మీద లైనక్స్, డాకర్ ఎక్కించి, ఫైళ్లు, డేటా తెచ్చుకుని ఒక ఆదేశం ఇస్తే సేవలు మళ్లీ లేస్తాయి. ఎక్కడ ఏం నొక్కారో గుర్తుంచుకుని నడిపే సర్వర్ మాత్రం దాన్ని కట్టిన మనిషి జ్ఞాపకశక్తి ఉన్నంతవరకే.

ఎక్కువమంది దెబ్బతినేది డిస్కుల దగ్గరే. 1988లో బర్కిలీ పరిశోధకులు ప్రతిపాదించిన రెయిడ్ పద్ధతిలో రెండు డిస్కుల మీద ఒకే డేటా ఉంచుకుంటే, ఒకటి పోయినా పని ఆగదు. దీన్నే బ్యాకప్ అనుకోవడం మొదటి పొరపాటు. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల మీదా అదే క్షణంలో చెరిగిపోతుంది. అందుకే మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి ఇంటి బయట అనే 3-2-1 నియమం వచ్చింది. అదీ సరిపోదని ఇమ్మిచ్ చూపిస్తుంది. ఫొటోలు ఫోల్డర్లలో ఉంటాయి, ఆల్బమ్‌లు, గుర్తుపట్టిన ముఖాలు, ఎవరి ఖాతాలో ఏముంది అన్న వివరాలు పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఉంటాయి. ఫోల్డర్లు మాత్రమే కాపీ చేసుకున్నవాళ్లకు డిస్కు పోయిన రోజున వేల ఫొటోలు దొరుకుతాయి గానీ వాటి వరసా వావీ దొరకవు. డేటాబేస్ ఫైళ్లను నడుస్తుండగానే కాపీ చేసినా, రాత మధ్యలో తెగిన ప్రతి చేతికి రావచ్చు. డేటాబేస్ తనంతట తాను రాసిచ్చే పూర్తి ప్రతిని, అంటే డంప్‌ను, తీసి దాన్నే దాచాలి. ఈ తేడా పట్టిచ్చే మార్గం ఒక్కటే, ఆ బ్యాకప్‌ను వేరే యంత్రం మీద తెరిచి చూడటం. తెరిచి చూడని బ్యాకప్ మీద పెట్టుకున్నది ఆశే.

పెద్ద కంపెనీలకు ఇంజినీర్ల దండు ఉండగా ఈ తలనొప్పి ఎందుకు, అడుసు తొక్కనేల కాలు కడగనేల అని అడగవచ్చు. వాళ్ల డిస్కులు మనవాటికన్నా భద్రం, అందులో సందేహం లేదు. కానీ వాళ్ల నిర్ణయాలు మన చేతిలో లేవు. గూగుల్ 2013 జులైలో రీడర్‌ను మూసేసింది, 2021 జూన్ నుంచి ఫొటోలకు ఉచిత అపరిమిత చోటు ఆపేసింది. భద్రతకూ ఒక హద్దుంది. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ డేటా సెంటర్ తగలబడినప్పుడు, వేరేచోట ప్రతి ఉంచుకోని ఖాతాదారుల్లో కొందరి డేటా తిరిగి రాలేదు. సర్వర్ ఎవరిదైనా రెండో ప్రతి బాధ్యత మాత్రం మనదేనని దీని అర్థం. క్లౌడ్ ఆ బాధ్యతను మరిపిస్తుంది, ఇంటి సర్వర్ గుర్తుచేస్తుంది. రెండూ కలిపి వాడుకోవడంలో తప్పేమీ లేదు. ఎన్‌క్రిప్ట్ చేసిన ప్రతిని అద్దె చోట ఉంచడం ఇంటి బయటి ప్రతికి తేలిక దారి. ఈమెయిల్ మాత్రం బయటే ఉంచడం మేలు. ఇంటి ఐపీ అడ్రసుల నుంచి వచ్చే ఉత్తరాలను పెద్ద మెయిల్ సంస్థలు తరచుగా స్పామ్‌లోకి తోసేస్తాయి.

ఇంటి సర్వర్ అంటే దొంగలకు తలుపు తెరిచినట్టే కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. 2021 ఏప్రిల్‌లో క్యూలాకర్ దాడి చేసినవాళ్లు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూన్యాప్ స్టోరేజి పెట్టెల్లోకి చొరబడి, ఫైళ్లను పాస్‌వర్డ్ వేసిన ఆర్కైవుల్లో బంధించి డబ్బు అడిగారు. పోర్టులు తెరవకపోవడమే దీనికి జవాబు. మన దేశంలో చాలా కనెక్షన్లు సీజీన్యాట్ వెనకే ఉంటాయి. ఒకే పబ్లిక్ అడ్రసును అనేక ఇళ్లు పంచుకోవడం వల్ల బయటి నుంచి నేరుగా ఇంటికి రావడం ఎలాగూ కుదరదు. 2020లో లైనక్స్ కెర్నల్‌లో చేరిన వైర్‌గార్డ్ మీద కట్టిన టెయిల్‌స్కేల్‌తో మన ఫోనుకూ సర్వర్‌కూ మధ్య ప్రైవేటు దారి వేసుకుంటే చాలు, మిగతా ప్రపంచానికి తలుపే కనిపించదు. బ్యాకప్‌లలో ఒకటి సర్వర్ చెరపలేని చోట ఉంటే, దాడి జరిగినా బేరం పెట్టే బలం దొంగకు ఉండదు.

హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో లైనక్స్, డెవాప్స్ నేర్చుకునేవాళ్లకు ల్యాబ్‌లో అన్నీ సవ్యంగా నడిచే ఉదాహరణలే ఎదురవుతాయి. అర్ధరాత్రి డిస్కు నిండిపోవడం, సర్టిఫికెట్ గడువు ముగియడం, అప్‌గ్రేడ్ తర్వాత డేటాబేస్ లేవకపోవడం సొంత సర్వర్ ఉన్నవాళ్లకే అనుభవంలోకి వస్తాయి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నది ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది. ఇక నడిపే మనిషి లేని రోజున ఇంట్లోవాళ్ల గతేమిటన్న ప్రశ్న మిగులుతుంది. దీనికి సాఫ్ట్‌వేర్‌లో పూర్తి జవాబు లేదు. ఫొటోలు మామూలు ఫోల్డర్లలో ఉన్న ఒక యూఎస్‌బీ డిస్కు, ఏది ఎక్కడుందో తెలుగులో రాసిన ఒక కాగితం బీరువాలో ఉండాలి. అంతమాత్రం శ్రద్ధ పెట్టలేనివాళ్లు చందా కట్టడమే మంచిది. పెట్టగలిగినవాళ్లు ఒక్క సేవతో మొదలుపెట్టి, దాన్ని పూర్తిగా చెరిపేసి, బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చుకున్నాకే రెండోదాని జోలికి వెళ్లాలి.